దారం తెంపగానే లేచిన పాప

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. క్రైస్తవ కుటుంబాల కోసం వచ్చే ఒక తెలుగు మాసపత్రికలో పనిచేశాను. సినిమాలు చూసి, అవి పిల్లలతో కలిసి చూడదగ్గవో కావో రాయడం నా పని. ఆఫీసు అల్వాల్‌లో ఒక మందుల దుకాణం పైన ఉండేది. కౌకూర్‌లో మా ఇంటి నుంచి మా ఆయన నన్ను స్కూటర్ మీద దింపి తన డ్యూటీకి వెళ్ళేవాడు. "పొద్దున్నే సినిమాకు పోయేది మా ఆవిడ ఒక్కతే" అని అందరితో చెప్పేవాడు.

ఇప్పుడు నా స్థానంలో ఇద్దరు చిన్నవాళ్ళు చేరారు. నియమాలన్నీ అచ్చు వేసి వాళ్ళ చేతికి ఇచ్చారు. అవి మంచి నియమాలే. వాటిలో లేనిది కొంత చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం ఒకే ఒక సినిమా గురించి. దానిలో ఒక్క బూతుమాట లేదు, మందు లేదు, కొట్లాట లేదు. అయినా శామీర్‌పేట వైపు ఒక ఊళ్ళో చర్చి ఆవరణలో దాన్ని వేస్తే తన పక్కింటి మనిషి గుండె పగులుతుందని ఒక తల్లి భయపడింది. వేయాలా వద్దా అన్నది నా మాట దగ్గర ఆగింది.

అందరి పేర్లూ మార్చాను. ఆ తల్లి, ఆ పక్కింటామె ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు. ఉన్న ఆమెకు అంతా చెప్పాను. రాయమంది.

అట్ట వెనుక జరిగిన పాపం

నేను చేరిన కొత్తలో చర్చిల్లో సినిమా వేయడానికి ఒక పద్ధతి ఉండేది. తెల్ల బట్ట కట్టి, ప్రొజెక్టర్ పక్కన ఒక సంఘ పెద్దను కూర్చోబెట్టేవారు. ఆయన చేతిలో అట్టముక్క ఉండేది. చూడకూడని దృశ్యం రాగానే దాన్ని అడ్డం పెట్టేవాడు. ఎక్కడ పెట్టాలో ముందే మా పత్రిక చెప్పేది. తాగుడు, సిగరెట్టు, ఆడామగా దగ్గరగా నిలబడటం, ఇతర మతాల పూజలు. అట్ట వెనుక మాటలు మాత్రం వినబడుతూ ఉండేవి. అప్పుడు పెద్దాయన గట్టిగా దగ్గేవాడు.

ఒకసారి మేడ్చల్ దగ్గర ఒక సంఘంలో, తాగి ఇల్లు గుల్ల చేసిన తండ్రి మారిన కథ వేశారు. పెద్దాయన నియమం ప్రకారం అట్ట పెట్టుకుంటూ వచ్చాడు. చివర్లో తండ్రి పిల్లల కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముందు వరసలో ఒక అవ్వ వెనక్కి తిరిగింది.

"గీయన ఏం జేసిండని గింతగనం ఏడుస్తుండు? మంచోడే గదా!"

"శాన జేసిండు అవ్వా," అన్నాడు పెద్దాయన. "అంత గీ అట్ట ఎనుకనే అయిపోయింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అవ్వ అడిగింది సరైన ప్రశ్న. తప్పు కనబడకపోతే క్షమాపణకు బరువు ఉండదు. ఆ తర్వాత చాలా వాదించి పత్రికలో ఒక మార్పు తెచ్చుకున్నాం. తెర మీద పాపం ఉందా లేదా అని మాత్రమే కాదు, ఉంటే దాని గురించి సినిమా ఏం చెబుతోంది అని కూడా రాయడం మొదలుపెట్టాం. కొత్తగా చేరినవాళ్ళు ఏది కప్పాలి అనే దగ్గరే ఆగిపోతారు. అది తేలిక పని.

మా ఎడిటర్, మన సినిమాలు

మా ఎడిటర్ రిటైరైన పాస్టర్. మెత్తని మనిషి, చదువుకున్న మనిషి. "తల్లి పక్కన కూర్చుని కొడుకు చూడగలడా? అది చెప్పు చాలు" అనేవాడు. ఆ కొలత నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది. ఆయనలో నాకు నచ్చనిది ఒకటే. ఫిర్యాదు వస్తుందేమో అని ముందే భయపడేవాడు. చెడ్డ సినిమాను చెడ్డది అనడానికి ఆయనకు జంకు లేదు. మనవాళ్ళు, మన డబ్బుతో, మన విశ్వాసం మీద తీసిన సినిమాలో లోపం చెప్పాలంటే మాత్రం మూడు కప్పుల టీ అయ్యేది.

ఆ సినిమాల గురించి నా అభిప్రాయం దాచను. ఎక్కువ భాగం మంచి ఉద్దేశంతో తీసినవే. నటన బాగుండదు, అది క్షమించొచ్చు. క్షమించలేనిది వాటిలోని పొరుగువాళ్ళు. మన మతం కాని మనిషి తెర మీదికి వస్తే చీకటి గదిలో ఉంటాడు, కళ్ళు ఎర్రగా ఉంటాయి, సంగీతం మారిపోతుంది. సినిమా తీసినవాళ్ళూ నాలాగే అల్వాల్‌లోనో సూరారంలోనో ఉంటారు. వాళ్ళ ఇంటికి పక్కింటి నుంచి పండక్కి గిన్నె రాదా? పిల్ల స్కూల్ నుంచి వచ్చి ఎవరింట్లో కూర్చుంటుంది? తెలిసిన దాన్ని తెలియనట్టు చూపించడం కూడా అబద్ధమే. అబద్ధం గురించి మన నియమం చాలా స్పష్టంగా ఉంది.

ఏ నియమానికీ దొరకని సినిమా

మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం ఆ సినిమా వచ్చింది. మనవాళ్ళే తీశారు. కథ చిన్నది. ఒక పాపకు జ్వరం. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తుంది, తగ్గదు. చివరకు పాస్టర్‌కు పాప చేతికి ఉన్న దారం కనబడుతుంది. పక్కింటామె దర్గా నుంచి తెచ్చి కట్టిన దారం. తల్లి మొహమాటానికి ఉంచేసింది. పాస్టర్ కత్తెర తెచ్చి దారం తెంపుతాడు. పాప కళ్ళు తెరిచి అన్నం అడుగుతుంది. అందరూ పాట పాడతారు.

నియమాల ప్రకారం చూస్తే దీనికి ఏ వంకా లేదు. భాష శుభ్రం. బట్టలు పద్ధతిగా ఉన్నాయి. పెద్దల పట్ల గౌరవం ఉంది, ప్రార్థన ఉంది. దారాలు, తాయెత్తులు నమ్మవద్దని చెబుతోంది. నేనూ అదే నమ్ముతాను.

చూసిన తర్వాత నేను వేరే ప్రశ్న వేసుకున్నాను. ఇందులో మనుషులు ఎలాంటివాళ్ళు అని కాదు, ఇందులో దేవుడు ఎలాంటివాడు అని. ఈ సినిమాలో దేవుడు ఒక దారం కోసం జ్వరంతో ఉన్న పాపను మంచం మీద పట్టుకుని కూర్చున్నాడు. కత్తెర వచ్చేదాకా వదలలేదు. లేఖనాల్లో ఒక రాజు బిడ్డ కోసం నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు, బిడ్డ దక్కలేదు. ఒక అపొస్తలుడు తన శరీరంలోని ముల్లు తీసేయమని మళ్ళీ మళ్ళీ వేడుకున్నాడు, తీయబడలేదు. ఆయన చేతికి ఏముందో ఎవరూ వెతకలేదు. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరకు వచ్చి నీ తప్పేమిటో చెప్పు అన్న స్నేహితులనే దేవుడు చివరికి గద్దించాడు. కాబట్టి ఈ సినిమా శుభ్రంగా ఉంది గానీ దేవుణ్ణి గురించి తప్పు చెబుతోంది, పిల్లలకు చూపించవద్దు అని రాశాను.

ఎడిటర్ చదివి కాగితం బల్ల మీద పెట్టాడు.

"శాంతా, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఇది రాసింది నువ్వా, ఇంట్లో ఆయన లేకపోవడమా?"

నాకు కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే. మా ఆయనకు లివర్ చెడిపోయి మంచాన పడ్డప్పుడు చుట్టుపక్కల సంఘాలన్నీ వచ్చి ప్రార్థన చేశాయి. ఆయన బతకలేదు. పాప లేచి అన్నం అడిగే దృశ్యాన్ని నేను మిగతావాళ్ళలా చూడగలనా?

కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన బతికి ఉంటే ఈ వాక్యం రాసేదాన్నా అని ఒక్కొక్క వాక్యాన్నీ అడుగుతూ పోయాను. పాటను ఎగతాళి చేసిన వాక్యం పోయింది. పాస్టర్ వేషం కట్టిన నటుడి మీద వేసిన ఒక పుల్లవిరుపు మాట పోయింది. మిగతాది నిలబడింది. దుఃఖాన్ని గుమ్మం బయట వదిలి రమ్మని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి, అది కుదరదు. అది ఏ వాక్యంలో ఉందో కనిపెట్టడం మాత్రం కుదురుతుంది.

బస్సు దిగిన తర్వాత

అది అచ్చుకు వెళ్ళకముందే శామీర్‌పేట వైపు ఒక ఊరి పాస్టర్ ఫోన్ చేశాడు. పేరు శామ్యూల్, వయసులో చిన్నవాడు. "ఆంటీ, కుటుంబ కూడికకు ఆ దారం పిక్చర్ వెయ్యాలని మా స్త్రీల సమాజం పట్టుపడుతుండ్రు. మీరొచ్చి పెద్దలతోని కూసోని ఒకసారి చూసి చెప్పుండ్రి" అన్నాడు. ముందుగా పెద్దలతో కలిసి చూసే ఆ పద్ధతి ఇంకా కొన్ని సంఘాల్లో ఉంది. మంచి పద్ధతి.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఒక ఆమె నా కోసం నిలబడి ఉంది. పేరు సుజాత. కోళ్ళ ఫారంలో పనిచేస్తుంది. "పాస్టర్ గారు తోలిండు అక్కా" అని నా సంచి తీసుకుంది. కొంత దూరం నడిచాక అడిగింది.

"అక్కా, మీరు వద్దంటే వెయ్యరట గదా?"

"నేను చెప్పేది చెబుతాను. వేయాలో వద్దో వాళ్ళిష్టం."

"వద్దని చెప్పుండ్రి."

నేను ఆగాను. అప్పుడు చెప్పింది. ఆమె కూతురు బ్లెస్సీ రెండో తరగతి చదువుతుండగా డెంగీ వచ్చి చనిపోయింది. సుజాత పనికి వెళితే స్కూల్ తర్వాత పాపను చూసుకునేది పక్కింటి ఖాజాబీ. ముసలామె, భర్త లేడు, కొడుకూ కోడలూ కూరగాయలు అమ్ముతారు. జ్వరం తగ్గకపోతే ఖాజాబీ దర్గాకు వెళ్ళి దారం తెచ్చి పాప చేతికి కట్టింది.

"నాకు తెల్వదా అక్కా కట్టొద్దని? ఆమె ఏడ్చుకుంట కట్టింది. నేను తెంపలేకపోయిన. పాప పోయినంక మా సంఘంల ఎలీసమ్మక్క నన్ను పక్కకు వట్టుకపోయి, 'దారం తెంపుంటే దేవుడు ఇనేటోడు' అన్నది. పడ్డ. గా మాట నాతోనే ఆగింది. ఖాజాబీకి ఎరుక లేదు."

"మరి ఇప్పుడు భయమేంటి?"

"పిక్చర్ అంటే ఆమె వస్తది. ఎప్పుడేసినా వస్తది, సాప దెచ్చుకొని అందరికన్న ముంగట కూసుంటది. దారం తెంపంగనే పిల్ల లేస్తది. ఇగ ఆమెకు తెలుస్తది గదా, బ్లెస్సీ తన దారంతోనే పోయిందని మేమంత అనుకుంటున్నమని."

"రావద్దని చెప్పరాదా?"

"ఎందుకు అంటది. ఏం చెప్పాలె?" సుజాత సంచి భుజం మార్చుకుంది. "నన్నంటే అననీ అక్కా. ఆమెను బతికుండంగ సంపొద్దు."

నేను మాట ఇవ్వలేదు. ఈ పనిలో ముందుగా ఎవరికీ మాట ఇవ్వకూడదు. నా తీర్పు అప్పటికే రాసి ఉందని, అది ఆమె కోరుకున్నదేనని కూడా చెప్పలేదు. చెబితే ఆమె కోసం చెప్పినట్టు అయ్యేది.

పాస్టర్ గారి ముందుగదిలో

టీవీ ముందు ఐదుగురం కూర్చున్నాం. శామ్యూల్, ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నడిపే ఎలీసమ్మ, నేను. సుజాత టీ ఇచ్చి వెళ్ళిపోయింది. ఎలీసమ్మ నాకు కొత్త కాదు. మా ఆయన మంచంలో ఉన్నప్పుడు బస్సు మారి కౌకూర్ దాకా వచ్చేది. పాప లేచే దగ్గర ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క సెడ్డ మాట ఉన్నదా చెప్పు అక్కా," అంది సినిమా అయ్యాక.

"లేదు."

"ఇంట్లందరు కూసోని సూడొచ్చునా?"

"చూడొచ్చు. అదే ఇబ్బంది."

"అంటే దారం మంచిదంటవా?"

"అనను. కట్టవద్దని చెప్పు, నేనూ నీతో కలిసి చెబుతాను. కానీ దారం ఉందని దేవుడు పాపను లేపలేదని ఈ సినిమా అంటోంది. ఆ సంగతి దీనికి ఎవరు చెప్పారు?"

"విశ్వాసముంటే లేస్తది. లేకుంటే లేవది. గంతే."

నేను అనకూడదు అనుకున్న మాట అన్నాను.

"మా ఆయన చేతికి ఏ దారమూ లేదు ఎలీసమ్మా. నువ్వు వచ్చావు, మోకాళ్ళ మీద ప్రార్థన చేశావు. ఆయన పోయాడు. మా ఇంట్లో నీకేం దొరికింది?"

ఒక పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టబోయి చేతిలోనే ఉంచుకున్నాడు.

"నీ సంగతి వేరే అక్కా."

"ఎట్లా వేరు?"

ఆమె చాలాసేపు టీవీ వైపే చూసింది. అది ఆపేసి ఉంది. "బ్లెస్సీ కోసం గూడ గట్టిగనే జేసిన," అంది చివరికి. "దవాఖాన్ల కిందనే పడుకున్న. నీళ్ళు గూడ ముట్టలే. ఏదో ఒకటి ఉండాలె గదా అక్కా. ఉట్టిగనే ఎట్ల పోతది పిల్ల?"

అప్పుడు నాకు ఆ సినిమా ఎందుకు అంత బాగా నడుస్తోందో అర్థమైంది. ఆఫీసులో కూర్చుని నాలుగుసార్లు చూసినా అర్థం కానిది. అది లేచిన పాపను చూసి సంతోషపడేవాళ్ళ కోసం తీసింది కాదు. ప్రార్థన చేసి కూడా పోగొట్టుకున్నవాళ్ళకు ఒక కారణం అమ్ముతోంది. ఎలీసమ్మ సుజాతను నిందించింది కోపంతో కాదు. కారణం లేకుండా ఉండలేకపోయింది.

"నాకూ తెలియదు ఎలీసమ్మా," అన్నాను. "తెలియనిది తెలియదని చెప్పే సినిమా వేద్దాం. లేకపోతే ఏదీ వద్దు."

"వేరేది పెడదాం ఆంటీ," అన్నాడు శామ్యూల్. ఎలీసమ్మ అవుననలేదు, కాదనలేదు. బస్సు దాకా మాత్రం నాతో నడిచి వచ్చింది.

మా ఆయన గురించిన ఆ మాట పత్రికలో రాయలేదు. గదిలో ఎదురుగా ఉన్న మనిషితో అనొచ్చు, ఆమె తిరిగి జవాబు చెప్పగలదు. పత్రిక చదివేవాళ్ళు చెప్పలేరు. అచ్చయిన తీర్పు నా ఇంటి సంగతి లేకుండానే నిలబడాలి. ఎడిటర్ దాన్ని కొంత కుదించి వేశాడు. ఫిర్యాదులు వచ్చాయి. నా విశ్వాసం చల్లబడిందని కొందరు రాశారు. చాలా చర్చిల్లో ఆ సినిమా వేశారు, జనం బాగుందన్నారు. మన మాట సినిమాను ఆపదు. అడిగినవాళ్ళకు మాత్రమే జవాబు చెబుతుంది.

కూడిక రోజు

ఆ ఊళ్ళో మరో సినిమా వేశారు. పొలం కోసం విడిపోయిన అన్నదమ్ముల కథ. పాస్టర్ పిలిస్తే నేనూ వెళ్ళాను. పొద్దు గూకగానే జనం చేరారు. సన్నగా, కొంచెం వంగిన ఒక ముసలామె చాప పట్టుకుని వచ్చి తెర ముందు పరిచింది. సుజాత ఆమె పక్కన కూర్చుంటూ నన్నూ పిలిచింది. అలా ఖాజాబీని చూశాను.

కాసేపయ్యాక ఆమె సుజాత మోచేతిని పొడిచింది. "ఏం పిక్చర్ బేటీ ఇది? అన్నదమ్ములు కొట్టుకునుడు సూసేతందుకు గింత దూరం రావాల్నా? మా ఇంట్ల రోజూ ఉంటది."

"సప్పుడు జెయ్యకు, ఎనుకాల పాస్టర్ గారున్నడు."

"ఉంటే ఉండనీ. ఆయనకు అన్నదమ్ములు లేరా?"

సుజాత నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. తర్వాత నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళింది. ఖాజాబీ నా వైపు జరిగింది.

"పిక్చర్లు సూసి చెప్పే మేడం మీరేనంట?"

"అవునమ్మా."

"దారం పిక్చర్ వద్దన్నది మీరేనా?"

నేను సుజాత వెళ్ళిన వైపు చూశాను.

"నేను సూసిన," అందామె, తెర వైపే చూస్తూ. "మా కోడలు ఫోన్ల వచ్చింది. ఆఖరుదాక సూసిన. సుజాతకు చెప్పకుండ్రి. నేను సూసినట్టు ఎరుకైతే పరేషాన్ అయితది. నాతోని మాట్లాడుతనే ఉన్నది గదా, నాకు గది సాలు."

తెర మీద తమ్ముడు అన్నను పేరు పెట్టి పిలుస్తున్నాడు. వెనుక ఎవరో పిల్లాణ్ణి కసురుతున్నారు.

"ఒక్కటి చెప్పుండ్రి మేడం. మీ దేవుడు గట్ల జేస్తడా? పిల్ల చేతికి నేను కట్టిన దారమున్నదని?"

"చేయడు."

"పక్కా?"

"పక్కా."

ఆమె నా ముఖం వైపు తిరిగి, చీకట్లో ఏం కనబడుతుందో గానీ, కాసేపు చూసింది. సుజాత నీళ్ళ సీసాతో వచ్చింది. "గింత సేపా? నువ్వొచ్చేలోపల వాళ్ళు కలిసే పోయేటట్టున్నరు," అని ఖాజాబీ చాప మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.